ఊరియా ప్రస్తావన లేని ప్రార్థన: 51వ కీర్తనలో పశ్చాత్తాపం, మారుమనస్సు

క్రైస్తవ ప్రార్థనా సంప్రదాయంలో పాపి దైవకరుణను వేడుకొనే సందర్భం వచ్చినప్పుడెల్లా ముందుగా స్మరణకు వచ్చే పాఠం 51వ కీర్తన. పాశ్చాత్య సంఘం పశ్చాత్తాప కీర్తనలుగా ఏర్పరచుకొన్న ఏడింటిలో (6, 32, 38, 51, 102, 130, 143) ఇది నడిమిది. వరుసలోనే గాక ప్రాధాన్యంలోనూ ఇదే కేంద్రం. విభూది బుధవారం నాడు నొసట బూడిద పెట్టించుకొనే తెలుగు కతోలిక భక్తుడు ఆనాటి పూజలో వినేది దీనినే. ప్రొటెస్టంటు సంఘాల ఉపవాస కూటాలలోనూ దీని మాటలు ప్రార్థనల్లో కలసిపోయి వినిపిస్తుంటాయి. ఇంతగా వాడుకలో నలిగిన పాఠం కావడంచేతనే కాబోలు, ఇందులోని ఒక చిక్కు సాధారణంగా దృష్టికి రాదు.

కీర్తన శీర్షిక దీనిని దావీదు రాజు జీవితంలోని ఒక ఘట్టంతో ముడిపెడుతుంది. దావీదు బత్షెబను చేరిన తరువాత నాతాను ప్రవక్త వచ్చి మందలించిన సందర్భం అది. ఆ వ్యవహారంలో ఒక మనిషి చనిపోయాడు. అతని పేరు ఊరియా. ఆ మరణం దావీదు చేయించిన హత్య. అయినా కీర్తనలో పాపి తాను దేవునికి మాత్రమే, కేవలం ఆయనకే విరోధంగా పాపం చేశానని చెప్పుకొంటాడు. ఊరియా పేరు శీర్షికలో లేదు, కీర్తనలోనూ లేదు. హతుని ప్రస్తావన లేని ఈ ప్రార్థన పశ్చాత్తాపానికి ఆదర్శం ఎట్లా అయింది? ఒకరికి చేసిన అన్యాయాన్ని మరొకరు క్షమించవచ్చునా? ఆ మరొకరు దేవుడే అయినప్పుడు ఈ ప్రశ్నకు సమాధానం మారుతుందా? క్రైస్తవంలోని పశ్చాత్తాప భావనకు నైతిక గాంభీర్యం ఉందో లేదో ఈ ప్రశ్న దగ్గరే తేలుతుంది.

ముందుగా మాటల సంగతి. తెలుగులో ఈ భావానికి మూడు పదాలు ప్రచారంలో ఉన్నాయి. మూడింటి చూపూ ఒక దిక్కుకు లేదు. 'పశ్చాత్తాపం' వెనుక కలిగే తాపం. జరిగిపోయినదానివైపు తిరిగి కాలుతున్న మనసు. 'ప్రాయశ్చిత్తం' క్రియాప్రధానమైనది. ప్రాయమనగా తపస్సు, చిత్తమనగా నిశ్చయమని శాస్త్రకారులు చెప్పుకొన్న వ్యుత్పత్తిలోనే ఆచరణ ఉంది. ధర్మశాస్త్రాలలో దానికి ప్రత్యేక ప్రకరణాలున్నాయి. 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసిన విజ్ఞానేశ్వరీయంలోనూ ఆచార, వ్యవహార కాండల తరువాత ప్రాయశ్చిత్త కాండ వస్తుంది. అయితే ధర్మశాస్త్రం ప్రాయశ్చిత్తాన్ని కేవలం కర్మకాండగా భావించిందనుకోవడం పొరపాటు. మనుస్మృతి పదకొండవ అధ్యాయం పాపాన్ని బయటపెట్టి చెప్పుకోవడాన్ని, అనుతాపాన్ని, మళ్లీ అట్లా చేయనన్న నివృత్తిని శుద్ధికి సాధనాలుగా స్పష్టంగానే పేర్కొంటుంది.

మూడవ మాట 'మారుమనస్సు'. ఇది తెలుగు బైబిలు ద్వారా స్థిరపడిన సమాసం. గ్రీకు నూతన నిబంధనలోని 'మెటానోయియా'కు ఇది పర్యాయం. తెలుగులో 'మారు' శబ్దానికి మార్పు అనే క్రియార్థమూ, వేరొకటి అనే విశేషణార్థమూ ఉన్నాయి. మారుమనస్సు మారిన మనస్సు కావచ్చు, వేరొక మనస్సూ కావచ్చు. కాని మారుపేరు, మారువేషం అన్న మాటలలోనూ ఉన్నది ఈ 'మారు'యే. మనసు మారిందో, మనసుకు వేషం మారిందో తేల్చుకోవలసిన బాధ్యతను ఈ సమాసం తనలోనే మోస్తున్నదనిపిస్తుంది. అనువాదకులు దీనిని ఉద్దేశించి ఉండరు. భాషే చేసిన హెచ్చరిక ఇది.

గ్రీకులో దీనికి పక్కన 'మెటామెలోమాయ్' అనే మరొక క్రియ ఉంది. చేసినదానికి చింతపడటం దాని అర్థం. మత్తయి సువార్త 27వ అధ్యాయంలో యేసును అప్పగించిన యూదా విషయంలో వాడినది ఈ క్రియనే. తెలుగు బైబిలు అక్కడ మారుమనస్సు అనక, పశ్చాత్తాపపడ్డాడని అంటుంది. ఈ రెండు క్రియలకూ నడుమ ఎప్పుడూ గట్టి గోడ ఉందని చెప్పలేము. ఇద్దరు కుమారుల ఉపమానంలో, మొదట కాదని తరువాత తోటకు వెళ్లిన కొడుకు విషయంలో మత్తయి వాడినది కూడా రెండవ క్రియనే. అక్కడ చింత మంచి ఫలితమే ఇచ్చింది. హీబ్రూలోని 'షూవ్' ధాతువు ఈ రెండింటికన్నా సూటి అయినది. తిరగడం, వెనుకకు రావడం అని మాత్రమే దాని అర్థం. దారి తప్పినవాడు మలుపు తిరిగి ఇంటివైపు నడవడమే పశ్చాత్తాపం. ప్రవక్తలు ఎక్కువగా వాడిన మాట ఇదే.

పదం మారితే సిద్ధాంతమే మారుతుందనడానికి ఐరోపా చరిత్రలో ప్రసిద్ధమైన నిదర్శనం ఉంది. లాటిన్ బైబిలు మెటానోయియా పిలుపును ప్రాయశ్చిత్తం చేయమన్న ఆజ్ఞగా చదివించింది. 1215 నాటి నాలుగవ లాటరన్ మహాసభ ప్రతి విశ్వాసీ ఏటా ఒకసారైనా గురువు ఎదుట పాపసంకీర్తనం చేయాలని విధించింది. ఆ వ్యవస్థలో చదివినవారికి ఆ ఆజ్ఞ ఒక సంస్కారానికి పిలుపుగానే వినిపించింది. ఎరాస్మస్ 1516లో గ్రీకు మూలాన్ని అచ్చువేసిన తరువాత మాట అసలు అర్థం చర్చకు వచ్చింది. 1517లో మార్టిన్ లూథర్ తన తొంభై ఐదు ప్రతిపాదనలలో మొదటిదానినే దీనికి కేటాయించి, విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే కావాలని క్రీస్తు కోరాడన్నాడు. అది ఏడాదికి ఒక పూట పనికాదని భావం.

ఇక కథ. సమూయేలు రెండవ గ్రంథం 11వ అధ్యాయాన్ని మించిన పొదుపైన కథనం ప్రాచీన సాహిత్యాలలో అరుదు. రాజులు యుద్ధాలకు బయలుదేరే కాలం. సైన్యం అమ్మోనీయుల రబ్బాను ముట్టడిస్తున్నది. రాజు మాత్రం యెరూషలేములో ఉండిపోయాడు. మిద్దెమీదినుంచి చూసిన స్త్రీని పిలిపించాడు. ఆమె ఎవరి భార్యో చెప్పిన తరువాతే పిలిపించాడు. ఆ అధ్యాయం మొత్తంలో బత్షెబ పలికింది ఒక్కటే మాట, గర్భవతినయ్యానని పంపిన కబురు. ఆమె ఇష్టాయిష్టాలను కథకుడు చెప్పలేదు. రాజు మనుషులను పంపి రప్పించాడని చెప్పడంతో బలం ఎవరి పక్షాన ఉన్నదో తెలుస్తూనే ఉంది.

తరువాత దావీదు ఊరియాను యుద్ధభూమినుంచి రప్పించి ఇంటికి పంపబోయాడు. తోటి సైనికులు బయట గుడారాలలో ఉండగా తాను ఇంటి సుఖం ఎరగనని ఊరియా వెళ్లలేదు. మత్తు ఎక్కేదాకా తాగించినా వెళ్లలేదు. హిత్తీయుడైన ఆ పరజాతివాడు ఇశ్రాయేలు రాజుకన్నా ఇశ్రాయేలు ధర్మాన్ని గట్టిగా పట్టుకొన్నాడు. అప్పుడు దావీదు సేనాని యోవాబుకు ఉత్తరం రాసి, పోరు ముమ్మరంగా ఉన్నచోట ఇతనిని నిలిపి వెనుకకు తగ్గమని ఆజ్ఞాపించాడు. ఆ ఉత్తరాన్ని మోసుకొని వెళ్లినవాడు ఊరియాయే. అతను చనిపోయాడు. అతనితోపాటు మరికొందరు సైనికులు కూడా చనిపోయారు. వారి పేర్లు ఏ గ్రంథమూ చెప్పదు. దావీదు పాపాన్ని వ్యభిచారంగా మాత్రమే తలచుకొనే ప్రసంగాలలో వారి ప్రస్తావన బొత్తిగా రాదు.

నాతాను వచ్చేనాటికి బిడ్డ పుట్టాడు. అంటే నెలల తరబడి రాజు మనసు అతనిని ఏమీ అడగలేదు; అడిగినా కథలో దాని జాడ లేదు. నాతాను తీర్పు కోరుతున్నట్టుగా ఒక కథ చెప్పాడు. అనేక గొర్రెలున్న ధనవంతుడు, ఒక్క ఆడ గొర్రెపిల్లను కూతురిలా పెంచుకొన్న పేదవాడు, ఇంటికి వచ్చిన అతిథి కోసం ధనవంతుడు పేదవాని పిల్లను కోయించడం ఇందులోని విషయం. దావీదు మండిపడి, ఆ పని చేసినవాడు చావదగినవాడనీ, నాలుగంతలు చెల్లించాలనీ తీర్పు చెప్పాడు. ఆ మనిషివి నీవే అన్నాడు నాతాను.

ఈ ఉపమానానికి వాస్తవంతో పూర్తి పోలిక లేదన్నది గమనించదగ్గ విషయం. ఉపమానంలో చచ్చింది గొర్రెపిల్ల, పేదవాడు బతికే ఉన్నాడు. వాస్తవంలో చచ్చింది పేదవాడే. ఉపమానంలోని నష్టానికి పరిహారం ఉంది, ధర్మశాస్త్రమే గొర్రెకు నాలుగు గొర్రెలు ఇవ్వమంటుంది (నిర్గమకాండం 22). ఊరియాకు నాలుగంతలు చెల్లించడం ఎట్లా? ఆ వ్యత్యాసాన్ని దాచకుండా నాతాను వెంటనే ఊరియా పేరు తీసుకొని, అతనిని కత్తితో చంపించావని ముఖంమీదే చెప్పాడు. ప్రార్థనలో లేని పేరు ప్రవక్త నోట పలుమార్లు వచ్చింది.

దావీదు బదులు చాలా చిన్నది. యెహోవాకు విరోధంగా పాపం చేశానన్నాడు, అంతే. సాకు లేదు, బత్షెబమీద నెపం లేదు, యోవాబుమీద లేదు. దానికి నాతాను చెప్పినది రెండు భాగాలుగా ఉంది. దేవుడు నీ పాపాన్ని తొలగించాడు, నీవు చావవు. అయినా బిడ్డ చనిపోతాడు. కత్తి నీ ఇంటిని విడవదన్న మాట అంతకు ముందే వచ్చింది, అది వెనక్కి పోలేదు. బిడ్డ చనిపోయాడు. తరువాత కొడుకు అమ్నోను చెల్లెలు తామారును చెరిచాడు; అబ్షాలోము అమ్నోనును చంపించాడు; అబ్షాలోమే తండ్రిమీద తిరగబడి చచ్చాడు. రబ్బీల సంప్రదాయం ఇక్కడ దావీదు తనకు తానే విధించుకొన్న 'నాలుగంతలు' లెక్కగట్టింది. ఆ లెక్కలో తండ్రి చేసినదానికి పిల్లలు బలి కావడం ఆధునిక పాఠకునికి మింగుడుపడదు, పడకూడదు కూడా. అయితే కథ చెప్పే ఒక కఠోర సత్యాన్ని మాత్రం కాదనలేము. క్షమాపణ పాపఫలాన్ని రద్దు చేయలేదు. తామారు విషయం విన్న దావీదు మిక్కిలి కోపించాడని ఉన్నదే గాని, అమ్నోనును శిక్షించాడని లేదు. ఆ నోటినుంచి తీర్పు ఎందుకు రాలేదో పాఠకుడే ఊహించుకోవాలి.

ఈ నేపథ్యంతో కీర్తనను చదవాలి. కీర్తన దావీదు రచనే అనడానికి చారిత్రక ఆధారం లేదనీ, శీర్షిక తరువాతి కూర్పరులు చేర్చినదనీ, యెరూషలేము గోడలు కట్టించమనే చివరి వచనాలు ప్రవాసకాలానికి చెందుతాయనీ ఎందరో పండితుల అభిప్రాయం. ఇక్కడి చర్చకు కర్తృత్వం ముఖ్యం కాదు. ఈ కథనూ ఈ ప్రార్థననూ కలిపి చదవమని సంప్రదాయం కోరింది. ఆ కలయికలో పుట్టే అర్థమే ముఖ్యం.

కీర్తన మొదటి వచనంలో దైవకరుణకు మూడు మాటలు, మొదటి రెండు వచనాలలో కలిపి పాపానికి మూడు మాటలు ఉన్నాయి. కరుణను సూచించే వాటిలో 'రహమీమ్' అనేది గర్భాన్ని సూచించే 'రెహెమ్' శబ్దంతో సంబంధం కలిగినది. తల్లికి తన కడుపున పుట్టినవారిమీద ఉండే మమకారం అందులోని ధ్వని. తెలుగు బైబిలు ఇక్కడ 'వాత్సల్యం' అనే మాటను ఎన్నుకొంది. వత్సమనగా దూడ. దూడను చూసి చేపే ఆవు ప్రేమే వాత్సల్యం. హీబ్రూ మాట గర్భం దగ్గర మొదలైతే తెలుగు మాట పొదుగు దగ్గర మొదలయింది. మూలంలోని మాతృభావం అనువాదంలో పోకపోగా మరో రూపంలో నిలిచింది. ఇటువంటి సార్థకత అన్ని భాషల అనువాదాలకూ దక్కలేదు.

పాపి కోరుకొనేది కూడా క్రమంగా మారుతుంది. మొదట తుడిచివేయమంటాడు, కడగమంటాడు, హిస్సోపుతో శుద్ధి చేయమంటాడు. ఇవన్నీ మరకకు సంబంధించిన క్రియలు. నడిమికి వచ్చేసరికి క్రియ మారింది. తనలో శుద్ధహృదయాన్ని సృజించమంటాడు. ఇక్కడ వాడిన 'బారా' ధాతువుకు హీబ్రూ బైబిలులో ఈ సృష్ట్యర్థంలో దేవుడొక్కడే కర్త. ఆదికాండం మొదటి వాక్యంలోని క్రియ ఇదే. మరక పోగొట్టడం చాలదనీ, మరక పడిన గుడ్డే మార్చవలసి ఉందనీ పాపి గ్రహించాడన్నమాట. పశ్చాత్తాపం మారుమనస్సుగా మారే చోటు ఇదే. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకంలో తన గతజీవితాన్ని తానే నిందించుకొనే ఘట్టాలు చదివిన తెలుగు పాఠకునికి ఈ ఆర్తి పరాయిది కాదు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు కర్ణాటక రాగతాళాలలో క్రైస్తవ కీర్తనలు కట్టినప్పుడు ఆ ఆర్తికి తగిన పదజాలం భక్తి సాహిత్యంలో అప్పటికే సిద్ధంగా ఉంది.

మరి, దేవునికి మాత్రమే విరోధంగా అన్న మాట? దీనికి పూర్వవ్యాఖ్యాతలు చెప్పిన సమాధానాలలో ఒకటి, రాజును విచారించగల మానవాధికారి లేడు గనుక అతడు దేవునికే జవాబుదారి అన్నది. మిలాను బిషపు అంబ్రోసు ఈ వాదాన్ని ఎత్తుకొన్నాడు. ఇది న్యాయశాస్త్ర సంబంధమైన సమాధానమే గాని నైతిక సమాధానం కాదు. నిజానికి అంబ్రోసు జీవితమే ఈ వాదాన్ని దాటిపోయింది. 390లో థెస్సలొనీకలో ఒక సైన్యాధికారిని జనం చంపినందుకు రోమను చక్రవర్తి థియోడోసియసు ఆజ్ఞతో అక్కడి ప్రజల ఊచకోత జరిగింది. అంబ్రోసు చక్రవర్తికి లేఖ రాసి, దావీదు చేయగలిగినది చేయడానికి సిగ్గుపడుతున్నావా అన్న భావంతో నాతాను కథను గుర్తుచేశాడు. బహిరంగ పశ్చాత్తాపం లేకుండా దివ్యసంస్కారం ఇవ్వనని నిరాకరించాడు. చక్రవర్తి లొంగాడు. మరణశిక్ష ఆజ్ఞ వెలువడిన తరువాత ముప్పై రోజులు అమలును ఆపాలన్న శాసనాన్ని అంబ్రోసు కోరగా చక్రవర్తి చేశాడని 5వ శతాబ్దపు సంఘచరిత్రకారుడు థియోడొరెట్ రాశాడు. థెస్సలొనీక మృతులకు దీనివల్ల ఒరిగింది ఏమీ లేదు. కాని కోపంలో పుట్టిన ఆజ్ఞకూ కత్తికీ మధ్య ముప్పై రోజుల ఎడం ఉంటే మరొక థెస్సలొనీక జరగకపోవచ్చు. మనసు మారిందన్న మాటకు ఇంతకన్నా పట్టుకొని చూడదగిన రుజువు దొరకదు.

రెండవ సమాధానం మరింత లోతైనది. పొరుగువాడు దేవుని సృష్టి, దేవుని సొత్తు. బీదను బాధించడం అతనిని సృజించినవానిని నిందించడమేనని సామెతల గ్రంథం భావన. కనుక ఊరియాకు చేసిన ద్రోహం చివరికి దేవునికి చేసిన ద్రోహమే. ఈ దృష్టితో చూస్తే 'నీకు మాత్రమే' అన్న మాట ఊరియాను తొలగించలేదు, అతనిని దేవునిలో చేర్చింది. నాతాను వాక్యాలూ ఇదే చెప్తాయి. ఊరియా భార్యను తీసుకోవడంలో దేవుడు తననే తృణీకరించినట్టుగా పరిగణించాడు. అయితే ఈ సమాధానం ఉపయోగం చెప్పేవానినిబట్టి మారుతుంది. నాతాను ఊరియా పేరు ఎత్తిన తరువాత దావీదు ఆ మాట అంటే అది ఒప్పుకోలు. నాతానును ఇంటికి రానీయకుండా, బాధితుని ముఖం చూడకుండా, గదిలో తలుపు మూసుకొని అదే మాట అనుకొంటే అది తప్పించుకోవడం. వాక్యం ఒకటే. దానికి ముందు ఎవరి పేరు వినబడిందన్నదే తేడా.

తత్త్వవేత్తల ఆక్షేపణలు రెండు వైపులనుంచి వచ్చాయి. పశ్చాత్తాపం సద్గుణమే కాదనీ, తప్పు చేసి దానికి మళ్లీ కుమిలేవాడు రెండింతలు దుర్బలుడనీ స్పినోజా 1677లో వెలువడిన నీతిశాస్త్ర గ్రంథం నాల్గవ భాగంలో వాదించాడు. జరిగినది మార్చలేనప్పుడు దానికై తపించడం శక్తిని వ్యర్థం చేసుకోవడమే అని ఆ వాదసారం. దీనికి 20వ శతాబ్దంలో మాక్స్ షేలర్ చెప్పిన బదులు పరిశీలించదగినది. జరిగిన సంఘటన మారదు, నిజమే. కాని జీవితం ముగియనంతవరకు ఒక చర్య ఆ జీవితంలో ఏ స్థానం పొందుతుందన్నది తీరిపోయిన విషయం కాదు. పశ్చాత్తాపం గతాన్ని చెరపదు. గతం వర్తమానాన్ని శాసించే పట్టును విడిపిస్తుంది. ఉత్తరం రాసిన దావీదు ఆ ఉత్తరం రాసినవాడుగానే చావనక్కరలేదు. ఈ మేరకు షేలర్ సమాధానం స్పినోజాకు చాలుతుంది. ఊరియాకు చాలదు.

ఊరియా పక్షాన మాట్లాడినవాడు దొస్తొయెవ్‌స్కీ సృష్టించిన ఇవాన్ కరమజోవ్. భూస్వామి వేటకుక్కలచేత చీల్పించిన బాలుని తల్లి, కావాలంటే తన కడుపుకోతకు సంబంధించినంతవరకు క్షమించవచ్చు గాని, బిడ్డ అనుభవించిన హింసను క్షమించే హక్కు ఆమెకైనా లేదంటాడతను. తల్లికే లేని హక్కు పరులకు ఎక్కడిది? యూదు ధర్మం ఈ మాటను ఎప్పుడో విధిగా స్థిరపరచింది. మిష్నాలోని యోమా ప్రకరణం ప్రకారం మనిషికీ దేవునికీ నడుమనున్న అపరాధాలకే ప్రాయశ్చిత్త దినం పరిహారం. మనిషికీ మనిషికీ నడుమనున్నవాటికి పొరుగువాని ప్రసన్నం చేసుకొనేదాకా ఆ దినం పనిచేయదు. కొండమీది ప్రసంగంలో యేసు చెప్పినదీ ఇదే కోవలోనిది. బలిపీఠం ముందు కానుక పట్టుకొని నిలిచినవానికి సహోదరుని మనసులో తనమీద ఏదో ఉన్నదని గుర్తుకు వస్తే, కానుకను అక్కడే వదలి ముందు ఆ సహోదరునితో సమాధానపడి రావాలి. దేవుడు వేచి ఉండగలడు. పొరుగువాడు వేచి ఉండనక్కరలేదు.

ఈ బోధకు కథారూపం లూకా సువార్త 19వ అధ్యాయంలోని జక్కయ్య. యెరికోలో సుంకరుల పెద్ద, ధనవంతుడు, ఆ ధనం ఎట్లా వచ్చిందో ఊరందరికీ తెలుసు. యేసు అతని ఇంటికి వచ్చినప్పుడు అతను ఏడ్చినట్టు లేదు, పాపినని చెప్పినట్టు కూడా లేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, ఎవరివద్ద అన్యాయంగా తీసుకొన్నానో వారికి నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. మోసంతో తీసుకొన్నదానిని ఒప్పుకొన్నవాడు అసలుకు అయిదవ వంతు కలిపి ఇస్తే సంఖ్యాకాండం ప్రకారం సరిపోతుంది. జక్కయ్య శాస్త్రం అడగనిది ఇచ్చాడు. యేసు రక్షణ ఈ ఇంటికి వచ్చిందన్నాడు. మారుమనస్సు అన్న మాట ఈ కథలో ఎక్కడా లేదు, లెక్క ఉంది. దావీదు మరొకనిమీద తీర్పుగా పలికిన 'నాలుగంతలు' జక్కయ్య నోట తనమీద తాను పలుకుకొన్న తీర్పయింది. రెండు గ్రంథాలను పక్కపక్కన పెట్టి చదివితే ఈ మార్పు కన్నా మారుమనస్సుకు మంచి నిర్వచనం కనబడదు.

కాని పరిహారంతోనే పని తీరుతుందంటే యూదా కథ అడ్డు వస్తుంది. యేసుకు శిక్ష పడటం చూసి అతను చింతించాడు. నిరపరాధి రక్తాన్ని అప్పగించానని ఒప్పుకొన్నాడు. ముప్పై వెండి నాణేలు తిరిగి ఇచ్చాడు. పాపసంకీర్తన సంస్కారంలో పాపి చేయవలసినవిగా మధ్యయుగ వేదాంతులు చెప్పిన పరితాపం, ఒప్పుకోలు, పరిహారం మూడూ పైకి చూస్తే ఇక్కడ ఉన్నాయి. యేసును ఎరుగనన్న పేతురు వీటిలో ఏడవడం తప్ప మరేమీ చేయలేదు. అయినా పేతురు నిలబడ్డాడు, యూదా ఉరి పోసుకొన్నాడు. యూదాకు దేవుని కరుణమీద నమ్మకం లేదని సాధారణంగా చెప్పే వివరణ. పౌలు కొరింథీయులకు రాసిన రెండవ లేఖలో దుఃఖాన్ని రెండు విధాలుగా విభజించి, ఒకటి మారుమనస్సుకూ మరొకటి మరణానికీ దారితీస్తుందన్నదీ దీనికి తోడ్పడుతుంది. అయితే మత్తయి మరో వివరం కూడా చెప్పాడు. యూదా ఒప్పుకోలు విన్న ప్రధానయాజకులు, దానితో తమకేమి పని, అది నీవే చూసుకోమన్నారు. పాపాన్ని వినవలసిన స్థానంలో కూర్చున్నవారు వినలేదు. పేతురుకు మాత్రం సరస్సు ఒడ్డున అతను ఎరుగనన్న వ్యక్తే మూడుసార్లు ప్రశ్న వేసి, మూడుసార్లు గొర్రెలను మేపే పని అప్పగించాడు. యూదా పతనానికి యూదాయే బాధ్యుడు. కాని పశ్చాత్తాపపడి వచ్చినవానిని వాకిట్లోనుంచే పంపివేసే సమాజానికి ఆ మరణంలో భాగం లేదనడం కష్టం.

ఊరియా విషయంలో ఇటువంటి సమావేశానికి తావే లేదు. అతను మరణించాడు. దావీదు ప్రసన్నం చేసుకోవలసిన మనిషి భూమిమీద లేడు. ఇటువంటి చోట దైవక్షమ బాధితుని పక్షాన ఇచ్చే క్షమ కాజాలదని ఇవాన్ చెప్పినది ఒప్పుకోవలసిందే. దేవుడు తన వంతు క్షమించాడు. ఊరియా వంతు మిగిలే ఉంది. 51వ కీర్తన ఈ మిగులును పూర్తిగా దాచిందని కూడా చెప్పలేము. చివరి భాగంలో పాపి తనను 'రక్తాపరాధం'నుంచి విడిపించమని అర్థిస్తాడు. హీబ్రూలో అక్కడున్నది 'దమీమ్', రక్తమనే మాటకు బహువచనం, చిందించిన నెత్తురు. అంతదాకా సాగిన కడగడం, తుడవడం, తెల్లబరచడం అన్న సాధారణ ప్రతీకల నడుమ ఇదొక్కటే నిర్దిష్టమైన నేరం పేరు. ఊరియా పేరు రాలేదు గాని అతని నెత్తురు వచ్చింది.

క్షమించబడిన పాపాన్ని ఏమి చేయాలన్న విషయంలో బైబిలు గ్రంథాలే ఏకాభిప్రాయంతో లేవు. దినవృత్తాంతముల మొదటి గ్రంథం రబ్బా ముట్టడిని చెప్పి, దావీదు యెరూషలేములో ఉండిపోయాడని కూడా చెప్పి, బత్షెబ, ఊరియాల ఘట్టాన్ని పూర్తిగా విడిచిపెట్టింది. దేవాలయ సంకల్పకర్త అయిన రాజుకు మచ్చ ఉండరాదని ఆ గ్రంథకర్త తలచి ఉండవచ్చు. రాజుల మొదటి గ్రంథం అట్లా చేయలేదు. దావీదు జీవితమంతా యథార్థంగా నడిచాడని పొగిడి, హిత్తీయుడైన ఊరియా సంగతిలో తప్ప అని చేర్చింది. ప్రశంస మధ్యలో ఉన్న ఆ ఒక్క మినహాయింపు ప్రశంసను నమ్మదగినదిగా చేసింది. సమూయేలు గ్రంథం చివర దావీదు పరాక్రమశాలుల పట్టిక ఉంది. పట్టికలో చిట్టచివరి పేరు ఊరియా. కూర్పరి ఎందుకు అక్కడ ఉంచాడో చెప్పలేము. పట్టిక చదివినవారు మాత్రం ఆ పేరు దగ్గర ఆగకుండా ఉండలేరు.

మత్తయి సువార్త యేసు వంశావళితో మొదలవుతుంది. అందులో తామారు, రాహాబు, రూతు స్వనామాలతో ఉన్నారు. సొలొమోను తల్లి దగ్గరకు వచ్చేసరికి రచయిత బత్షెబ అని రాయలేదు. దావీదు ఆమెను వివాహమాడి ఎంతకాలమైనా, ఆమె కొడుకే సింహాసనమెక్కినా, ఆమెను ఊరియా భార్యగానే పేర్కొన్నాడు. ఆ వంశానికి రక్తసంబంధం లేని హిత్తీయుని పేరు ఆ విధంగా క్రీస్తు వంశావళిలో చేరింది.